ముప్ఫై రెండు అంగుళాల మసక

జూన్ 4

ఈ సాయంత్రం కూడా లారీ బోల్తా పడింది. తప్పు నాది కాదు, మానిటరుది.

ఈ పాత మానిటరు ఎడమ అంచు మసకబారిపోయింది. ఆ పక్క నుంచి ఏ బండి వచ్చినా, మీద పడేదాకా తెలియడం లేదు. ఇవాళ పాల ట్యాంకరు. హెడ్‌ఫోన్లో అమ్మడు కేకలు పెడుతూనే ఉంది.

"అన్నయ్యా, ఎడమ! ఎడమ పక్క చూడు!"

చూశాను. అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటు నుంచే పాల ట్యాంకరు వచ్చింది.

"చూడమంటే చూడవేం?"

"చూశానే తల్లీ!"

"ఏం చూశావు? ఆకాశమా?"

అరవై దాటిన చెల్లెలు, వేరే ఊళ్ళో తన వంటింటి బల్ల ముందు కూర్చుని, ఇక్కడున్న అన్నను ఇలా తిడుతుంది. తిట్టనీ. బావ ముప్ఫయ్యేళ్ళు లారీ తోలాడు, ఒక్కరోజు ఆమెను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. బావ పోయాక ఫోను చేస్తే అవతల ముక్కు చీదడమే వినిపించేది. ఈ లారీల ఆట నేర్పించి, రోజూ సాయంత్రం నా బండి వెనక తన బండి పెట్టించాక, చీదడం పోయి తిట్లు మొదలయ్యాయి. అంతకంటే నాకేం కావాలి? ముందు బండి మాత్రం నాదే. పెద్దవాణ్ణి.

జూన్ 5

"ఓసారి కళ్ళు చూపించుకోకూడదూ?" అంది మా ఆవిడ, కుట్టుమిషను ఆపకుండానే.

కళ్ళజోడు మార్చి ఏడాది కాలేదు అన్నాను. ఏడాదిన్నర అయింది. కానీ ఆవిడకు నెలలు గుర్తుండవు.

మానిటరు మార్చాలి. పెద్దది కావాలి.

జూన్ 8

మూడు రోజులుగా చదువుతున్నాను. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది. తర్వాత సినిమా థియేటర్లో ఆపరేటరుగా చేరి చదివిందంతా ప్రొజెక్టరు డబ్బాలతో వచ్చిన పుస్తకాలే. పక్కన నిఘంటువు, ఎదురుగా మిషను. మానిటర్ల సంగతీ అలాగే పట్టుకున్నాను.

పరిస్థితి ఇదీ. కూలరు కోసం దాచిన డబ్బు ఉంది. "అందులో ఎంతైనా తగలేసుకోండి, ఒక్క పైసా దాటితే మాత్రం ఆ మానిటరు పక్కనే పడుకోండి" అని ఆవిడ అనుమతి. ఆ డబ్బుకు ఇరవై నాలుగు అంగుళాలది మంచిది వస్తుంది, ఇరవై ఏడుది ఒక మోస్తరుది వస్తుంది, ముప్ఫై రెండు రావాలంటే ఎవరో ఒకరు వద్దనుకున్నది రావాలి. రిఫ్రెష్ రేటు అని ఒకటుంది. సెకనుకు తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. దాన్ని చూసి కుర్రకారు గుండెలు బాదుకుంటున్నారు, నూట నలభై నాలుగు లేకపోతే బతకలేమని. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలతో ఊరందరినీ ఏడిపించి నవ్వించి ఇంటికి పంపినవాణ్ణి నేను. సరుకు నింపిన లారీకి డెబ్బై అయిదు చాలు.

వంపు తిరిగిన మానిటర్లు కూడా ఉన్నాయట. ఎక్కువ ధర. ఆవిడకు బొమ్మ చూపించాను. "వంగినదానికి అంత పోయడం దేనికి? మీరు వంగి కూర్చోండి, సరిపోతుంది" అంది.

తెర అనగానే మా థియేటరు యజమాని గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో బొమ్మ మీద ఎడమ పక్క కింద ఒక మసక మచ్చ పడేది. హీరోయిన్ అటు నడిస్తే మొహానికి మసి పూసినట్టుండేది. యజమాని తెరకు రంగు వేయించాడు. మచ్చ పోలేదు. తెర పాతబడిందన్నాడు. అప్పు చేసి ఇంకా పెద్ద తెర తెప్పించాడు. నేను కొత్త, నోరెత్తలేదు. మొదటి ఆట పడింది. తెరతోపాటు మచ్చ కూడా పెద్దదైంది! బాల్కనీలో కూర్చుని ఆయన పెట్టిన మొహం ఈ జన్మకు మరిచిపోను. విరామంలో నేను లెన్సును దాని గొట్టంలోనే సగం తిప్పాను. మచ్చ కూడా ఎడమ నుంచి కుడికి తిరిగింది. బూజు లెన్సులో పట్టింది, తెరలో కాదు. మచ్చ కనబడితే ఒక్కో వస్తువునూ తిప్పి చూడాలి, దేంతోపాటు తిరిగితే దానిలో ఉన్నట్టు. అంతే విద్య. దానికి ఆ మహానుభావుడు ఒక తెర కొన్నాడు.

ఉంటారు కొందరు అలాంటి మనుషులు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వాగదు.

జూన్ 9

టీ గ్లాసు పగిలింది. ఆవిడ దాన్ని నా ఎడమ చేతి పక్కన పెట్టింది. అక్కడ ఎవరైనా పెడతారా?

జూన్ 11

భోజనాల దగ్గర ఆవిడ ఈమధ్య కుడి పక్క కుర్చీకి మారింది. పెళ్ళయిన నాటి నుంచీ ఎడమ కుర్చీ ఆవిడది. అడిగితే, అక్కడ ఫ్యాను గాలి తగలడం లేదంది. ఉండొచ్చు. మంచిదే, ఇదివరకు ఎటు నుంచో గొంతు వినిపించి ఉలిక్కిపడేవాణ్ణి.

నాన్న గుర్తొచ్చాడు ఎందుకో. చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేవాడు. వాకిట్లో ఎవరొచ్చినా ముందు దగ్గేవాళ్ళం, మేమున్నామని తెలియడానికి. కళ్ళకు ఏమైందని అడిగితే, దుమ్ము పడిందనేవాడు.

ఆయన సంగతి వేరు.

జూన్ 13

కొన్నాను!

కంప్యూటర్ల షాపావిడ నన్ను రెండు గంటలు భరించింది. మంచి మనిషి, కాస్త కోపిష్టి.

"బాబాయ్‌గారూ, నా మాట వినండి. ఇరవై ఏడు తీసుకోండి. మీ గ్రాఫిక్స్ కార్డు ముసలిది, పెద్దదాన్ని లాగలేదు."

"ముసలివాళ్ళు లాగలేరని ఎవరన్నారమ్మా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ. ముప్ఫై రెండు మీద ఈ బొమ్మే పరిస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. దగ్గర కూర్చుంటే కంట్లో గుచ్చుకుంటుంది."

"నేను దగ్గర కూర్చోను. తెర ఎంత పెద్దదైతే కుర్చీ అంత వెనక్కి జరగాలి. థియేటరు లెక్క అది. మొదటి వరసలో టిక్కెట్టు ఎందుకు చవకో తెలుసా నీకు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

"అంత వెనక్కి జరిగితే మీకు పాతదానంతే కనిపిస్తుంది కదండీ? మరి పెద్దది దేనికి?"

షాపులు నడిపేవాళ్ళకు థియేటరు జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది! నవ్వి ఊరుకున్నాను. జవాబు లేక కాదు.

చివరికి షాపులో ఏడాదిగా అందరికీ చూపించడానికి పెట్టిన ముప్ఫై రెండు అంగుళాలది, అట్టపెట్టె చిరిగిపోయినది, నా బడ్జెట్లోకి దిగింది. స్టాండు కొంచెం ఊగుతుంది. నేనూ ఊగుతాను. జోడీ కుదిరింది.

జూన్ 14

కొలిచి కుర్చీ వెనక్కి జరిపాను. కుర్చీ కాళ్ళ దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. కీబోర్డు తీగ అందలేదు, పొడిగించే తీగ వెతికి తెచ్చాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంకొంచెం జరిగితే వంటింట్లోకి వస్తారు. వచ్చిన చేత్తో ఆ పప్పు కాస్త కలిపి వెళ్ళండి."

సాయంత్రం అమ్మడుతో సిమెంటు లోడు. గొప్పగా చెప్పాను, ఇవాళ్టి నుంచి నాకు అన్నీ కనిపిస్తాయని. తన ల్యాప్‌టాప్ తెర పుస్తకమంతే ఉంటుంది. పాపం, కుళ్ళుకుని ఉంటుంది.

మూడో కూడలిలో బస్సు. ఎడమ నుంచి.

అమ్మడు తిట్టలేదు. "పోనీలే అన్నయ్యా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 15

కొత్తదానికీ ఎడమ పక్క మసకే. సరిగ్గా అదే చోట. ఏడాది పాటు షాపులో ఎండకు పెట్టారు కదా, పాడై ఉంటుంది. రేపే తీసుకెళ్ళి మొహాన కొడతాను.

జూన్ 16

అద్దె బండిలో వేసుకుని షాపుకు తీసుకెళ్ళాను. షాపావిడ తెర మొత్తం తెల్లగా వెలిగించింది.

"ఎక్కడండీ మసక?"

"అదుగో, ఎడమ పక్కన. ఈ చివర."

"తెల్లగానే ఉంది బాబాయ్‌గారూ."

పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే ఆయన్ని పిలిచింది. ఆయన వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఇటు నుంచీ అటు నుంచీ చూసి, "తెలుపే" అని పోయాడు. ఇద్దరూ ఒక జట్టు.

సరే, కనీసం గ్యారంటీ కార్డు మీద ముద్ర వేసి ఇయ్యి, కంపెనీకే రాసుకుంటాను అన్నాను. నిలబడ్డాను. ఎంతకీ ఇవ్వదే.

"కార్డు ఇవ్వమ్మా, బండివాడు ఆగడు."

"ఇస్తూనే ఉన్నానండీ."

నా ఎడమ భుజం పక్కనే నిలబడి ఉంది. చెయ్యి చాపి ఉంది. ఎంతసేపటి నుంచో.

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు.

జూన్ 17

ఆట లేదు. అమ్మడికి కరెంటు పోయిందని చెప్పాను.

జూన్ 18

మధ్యాహ్నం ఆవిడను పిలిచి, మానిటరు తలకిందులు చేసి పట్టుకోమన్నాను.

"ఇదేం ఆటండీ మళ్ళీ?"

"పట్టుకో చెప్తాను."

అడగలేదు ఇంక. రెండు దిళ్ళ మధ్య దాన్ని తలకిందులుగా నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుంది. తెర మొత్తం తెల్లగా వెలిగించాను. వెళ్ళి సుద్ద గీత మీద కుర్చీలో కూర్చున్నాను. మానిటరులో లోపముంటే, మసక ఇప్పుడు కుడి పక్కకు రావాలి. రావాలి కదా. లెన్సు తిప్పినప్పుడు వచ్చింది.

మసక ఎడమనే ఉంది.

ఆ తర్వాత కుడి కన్ను మూసి చూశాను.

ఇవాళ్టికి ఇంతే.

జూన్ 19

నిన్న రాసింది కొట్టేద్దామని కలం పట్టుకున్నాను. కొట్టేయలేదు.

పొద్దున్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు భోజనాల బల్ల దగ్గర ఎడమ కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను సరిగ్గా ఆ కుర్చీ నెత్తి మీదే ఉంది. గాలి బ్రహ్మాండంగా తగులుతోంది. జుట్టు లేని తల నాది, గాలి సంగతి నాకు బాగా తెలుస్తుంది.

బయటికి వచ్చి నన్ను ఆ కుర్చీలో చూసి ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అన్నాను.

"కందిపప్పు డబ్బా మీరు తన్నేసిన రోజు నుంచి."

అది చలికాలం మాట.

"చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు కొత్త వంటిల్లు కట్టించేవారు" అంది. నవ్వబోయింది. రాలేదు. తడి తువ్వాలుతోనే మొహం తుడుచుకుని, "రేపు వెళ్దామా?" అంది.

"సోమవారం" అన్నాను. మూడు రోజులు సంపాదించాను. ఏం చేసుకుంటానో తెలియదు.

మా థియేటరు యజమానికి ఈ డైరీ ముఖంగా క్షమాపణలు. ఆయన కనీసం అప్పు చేసి కొన్నాడు, నేను ఆవిడ కూలరు పెట్టి కొన్నాను.

జూన్ 20

ఏమీ లేదు. వేడిగా ఉంది.

జూన్ 23

కళ్ళ ఆసుపత్రి. ఒక గిన్నెలాంటి మిషనులో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఒక కంటికి గంత కట్టారు. చేతికి ఒక మీట ఇచ్చారు. ఎదురుగా మధ్యలో దీపాన్నే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడ చుక్క మెరిసినా మీట నొక్కాలి.

"ఓహో, ఆటే" అన్నాను.

"ఆటేనండీ. తొందర పడకండి" అంది పరీక్ష చేసే అమ్మాయి.

కుడి కన్ను బాగానే ఆడింది. ఎడమ కంటికి వచ్చాక, నాలుగైదు చుక్కలు కనబడి, ఆగిపోయాయి. నేను వేచి చూశాను. మిషను టకటకమంటోంది, చుక్కలు లేవు. ఎంత వేచి చూడను?

"అమ్మా, మీ మిషను ఆగిపోయినట్టుంది."



"ఆగలేదండీ. మీరు మధ్యలో దీపాన్నే చూస్తూ ఉండండి."

నలభై ఏళ్ళు మిషను గదిలో కూర్చున్నవాణ్ణి. మిషను ఆగిందో నడుస్తోందో శబ్దాన్ని బట్టే తెలుసు నాకు. నడుస్తోందని ముందే తెలుసు. ఊరికే అడిగాను.

డాక్టరు చిన్న వయసు, పెద్ద ఓపిక. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరాన్ని నలిపేసిందట. నొప్పి ఉండదు, మెల్లగా అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. ఎడమ కన్ను చాలా వరకు పోయింది. కుడి కంటిలోనూ ఆ పక్క అంచు కాస్త అరిగింది. మధ్యలో మాత్రం బాగుంది.

"పోయింది తిరిగి రాదండీ. ఉన్నది నిలబెట్టుకోవాలి. రోజూ చుక్కల మందు. మానకూడదు."

"పెద్ద తెర పెట్టుకుంటే ఏమైనా..."

"మీకు మధ్యలో చూపు బాగుంది. పెద్దదైతే అంచులు మీ చూపు దాటిపోతాయి. చిన్నదే నయం, లేదా దూరంగా కూర్చోండి. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ చెప్పింది. "మా మామగారికండీ."

నేను ఆవిడకు నాన్న సంగతి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. దుమ్ము పడిందనే చెప్పాను.

జూన్ 24

పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క. ఆవిడ వేస్తుంది. సూదిలో దారం ఎక్కించే చెయ్యి, గురి తప్పదు. నేనే చివర్లో కన్ను మూసేస్తున్నాను.

"చంటిపిల్లాడు నయం" అంటుంది ప్రతిసారీ.

జూన్ 26

అమ్మడికి చెప్పాను. ముందు ఆట పెట్టాను, ఇద్దరం బండ్లు పెట్రోలు బంకులో ఆపాం, అప్పుడు చెప్పాను. ఇలాంటివి ఎదురుగా బండి ఏదైనా ఉంటే చెప్పడం తేలిక.



"నాన్నలాగేనా అన్నయ్యా?"

"అదే జబ్బు."

"నాన్నలాగా అవుతావా?"

"నాన్న చూపించుకోలేదు. నేను చూపించుకున్నాను. రోజూ మందు పడుతోంది. మీ వదిన చేతుల్లో ఉన్నాక మానేసే ధైర్యం నాకుందా?"

"నాకెప్పుడో అనుమానం వచ్చింది. ఆ రోజు బస్సు... ఎడమ నుంచి అంత పొడుగు బస్సు వస్తుంటే, అసలు బ్రేకే వెయ్యలేదు నువ్వు. తిడదామని నోరు తెరిచి, నాన్న గుర్తొచ్చి మూసేశాను."

"అందుకే 'పోనీలే' అన్నావా?"

"మరేమనను?"

బంకులో మా బండ్లు రెండూ ఇంజన్లు ఆపకుండా గుర్రుమంటున్నాయి. బొమ్మ ఆయిలే కదా, కాలనీ.

"ఇంక ఆడవా అయితే?" అంది. గొంతు సన్నగా అయిపోయింది, చిన్నప్పుడు బళ్ళో పలక పోగొట్టుకున్న నాటి గొంతు. అప్పుడు తెలిసింది నాకు, ఈ సాయంత్రాలు నేను తనకు పెడుతున్న భిక్ష కాదని. ఇరవై రోజులుగా నేను భయపడిందీ దీనికే. కన్ను కంటే ముందు దీనికే.

"ఆడతాను. ముందు బండి నువ్వు తోలు."

"నేనా?"

"ఏం, బావ వద్దన్నాడా?"

"బావేమిటి, నువ్వు మాత్రం ఎప్పుడైనా ఇచ్చావా!" అని కయ్‌మంది. ప్రాణం లేచొచ్చింది.

"ఇస్తున్నానుగా. నీ వెనక దీపాలు చూసుకుంటూ వస్తాను. అవి ఎప్పుడూ తెర మధ్యలోనే ఉంటాయి. కూడళ్ళ దగ్గర రెండు పక్కలా చూసి చెప్పడం నీ పని."

"ఈ ల్యాప్‌టాప్‌లో నాకే సరిగ్గా కనబడి చావదు. కూడళ్ళన్నీ చీమల పుట్టల్లా ఉంటాయి."

ఆ మాట వినగానే నా చూపు తెర మీది బండ్లను వదిలి, ఆ ముప్ఫై రెండు అంగుళాల మానిటరు చట్రం మీదికి దానంతటదే పోయింది.

జూన్ 28

పెద్ద మానిటరు అమ్మడికి పంపడానికి, చిరిగిన అట్టపెట్టెకు ఆవిడ గోనెపట్టా కుట్టింది. లోపల చుట్టూ పాత దుప్పటి. షాపావిడ తనకు తెలిసిన పార్సిలు వాళ్ళకు చెప్పింది. మసక ఎక్కడుందో ఆమెకూ చెప్పాను. చెప్పకపోతే, ఆమె సరుకు మంచిది కాదని ఊళ్ళో అన్నవాణ్ణవుతాను. ఆమె కాసేపు అట్టపెట్టె మీద తాడు సరిచేస్తున్నట్టు నటించి, "ఎవరైనా పెద్దాయన వచ్చి అంచులు మసక అంటే, ఇంక నుంచి ముందు ఆసుపత్రికి పంపుతాను బాబాయ్‌గారూ" అంది.

కూలరు లేదు, పెద్ద మానిటరూ లేదు. ఆవిడ విసనకర్ర తీసింది. దాంతో విసురుకోవడం తక్కువ, నన్ను చూపించి మాట్లాడటం ఎక్కువ.

జూలై 2

పాత మానిటరు దాని చోటుకు వచ్చింది. కుర్చీ మాత్రం సుద్ద గీత మీదే ఉంది. అక్కడి నుంచి చూస్తే తెర దాదాపు అంతా నా చూపులో ఇముడుతోంది, ఎడమ చివర నాలుగు వేళ్ళ మేర తప్ప. లెక్క నాదే కరెక్టు. కారణం ఒక్కటే తప్పు.

అక్షరాలు చిన్నవైపోయాయి. అవి అమ్మడు చదువుతుంది.

సాయంత్రం కలప లోడు, కొండ దారి. అమ్మడు ముందు.

"అబ్బ! అన్నయ్యా, ఎంత పెద్దగా ఉందో! రోడ్డు నా వంటింట్లోకి వచ్చేసింది! బావ రోజూ ఇదా చూసేది?"

"ముందు చూసి తోలు."

"తోలుతున్నా. ఎడమ పక్క నుంచి కారు, ఆగు. పోయింది. రా."

"వస్తున్నా."

"కుడి పక్క ఖాళీ. రా, రా. ముసలి ఎద్దులా ఏమిటా నడక?"

వెనక బండి తోలడంలో ఒక కిటుకు కనిపెట్టాను. ఆమె బండికి వెనక రెండు ఎర్ర దీపాలు. మరీ దగ్గరికి వెళ్ళిపోతే ఎడమది మాయమవుతుంది. కొంచెం వేగం తగ్గిస్తే తిరిగి వస్తుంది. అంటే ఎంత దూరంలో ఉండాలో ఆ దీపమే చెబుతోంది. దాన్ని కనిపెట్టుకుని వెళితే చాలు.

మలుపులో రెండుసార్లు మాయమైంది. రెండుసార్లూ వెనక్కి తగ్గాను.

ఆవిడ కుట్టు ఆపి వచ్చి నా కుడి పక్క నిలబడింది. నేనేమీ అనకముందే, కుర్చీ వెనక నుంచి నడిచి ఎడమ పక్కకు వెళ్ళి, నా భుజం మీద చెయ్యి వేసింది, తానక్కడ ఉన్నట్టు తెలియడానికి.

కొండ కింద రైలు గేటు. అమ్మడు బ్రేకు వేసింది.

రెండు దీపాలూ వెలిగాయి. రెండూ కనిపించాయి.